మా బావ మొదటి స్థానం ఇచ్చిన సినిమాలు

మా బావ పోయాడు. మా అక్కకి భర్త, నాకు ఇన్నేళ్ళ తలనొప్పి. ఇండస్ట్రియల్ పార్కులో డ్యూటీలో ఉండగా నాకు కబురు అందింది. అక్క వాళ్ళు బౌదీ, అంటే వదినా, అని పిలిచే పక్కింటావిడ ఫోన్ చేసి, సగం హిందీ సగం బెంగాలీ కలిపి చెప్పింది. పొద్దున టీ తాగి కుర్చీలో వెనక్కి వాలాడట, మళ్ళీ లేవలేదట. సినిమా అవార్డుల నామినేషన్లు ప్రకటించే వారం అది. ఎవరెవరికి వస్తాయో ఊరందరికీ చెప్పేసి, అవి రాకముందే వెళ్ళిపోయాడు. ఏడుపు కంటే ముందు నాకు విసుగొచ్చింది. ఈ మనిషి ఏ పనీ సమయానికి చేయడు కదా అనుకున్నాను. ఏడుపు దారిలో, బస్సులో వచ్చింది.

ఈ బెంగాలీ ఊళ్ళో మన తెలుగు సంఘం వేసే వార్షిక సంచికలో 'ఈ ఏటి ఉత్తమ చిత్రాలు' పేజీ చదివే వాళ్ళందరికీ, తెలియకుండానే ఆయన తెలుసు. పేజీ కింద పేరు నాది, సినిమాల వరుస ఆయనది. ఆ వరుస చూసి మీలో చాలామంది నన్ను తిట్టారు. ఒకాయనైతే బజార్లో ఆపి, అసలు మీరు సినిమాలు చూస్తారా అని అడిగాడు. ఆ తిట్లన్నీ ఎందుకు పడ్డానో రాయడానికి ఇప్పుడు అక్క ఒప్పుకుంది.

బావ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాడు. సుత్తి మోతల మధ్య అరిచి అరిచి స్థిరపడిపోయిన గొంతు ఆయనది. చలికాలం వస్తే చాలు, ఆదివారం పొద్దున్నే వాళ్ళుండే ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ సుభాష్‌పల్లిలో మా ఇంటికి వచ్చేవాడు. స్టాండు వేయకముందే మొదలుపెట్టేవాడు. ఉత్తమ నటుడికి ఫలానా వాళ్ళు, ఉత్తమ చిత్రానికి ఫలానావి. నేనొక పేరు చెప్తే ఈగను తోలినట్టు చేత్తో తోలేసేవాడు. మా ఆవిడ టిఫిన్ పెడితే, తింటూ కూడా ఆపేవాడు కాదు. ఇంత నమ్మకంగా చెప్పినవి ఎప్పుడైనా నిజమయ్యాయా అంటే, లేదు. ఏటా తప్పేవి. తప్పిన ప్రతిసారీ ఆ తప్పు అవార్డుల వాళ్ళదే.

"ఆళ్ళు సినిమా సూడనేదురా. విన్నారంతే," అనేవాడు.

అది అర్థం లేని మాట అనుకునేవాణ్ణి. దేశమంతా మెచ్చుకున్న సినిమానైనా సరే, డబ్బింగ్ అయితే పక్కకి తోసేసేవాడు. నోరొకటి చెప్తుంటే మాటొకటి వస్తుంది, అదీ ఒక సినిమానా అనేవాడు. చీకట్లో తీసిన సినిమా అంటే మండిపడేవాడు. ఇంట్లో కరెంటు పోతే కనిపించేది టికెట్ కొని చూడాలా అని అడిగేవాడు.

ఆయనతో హాలుకి వెళ్ళడం ఇంకో శిక్ష. అక్కని ఓ పక్కన, నన్ను ఇంకో పక్కన కూర్చోబెట్టుకుని, సినిమా సాంతం అక్కవైపు తిరిగి మాట్లాడుతూనే ఉండేవాడు. తెర మీద వాడు అన్న మాటనే మళ్ళీ ఈయన అనేవాడు. ముందు వరుసలోంచి ఎవరో ఒకరు వెనక్కి తిరిగి, "దాదా, ఏక్టు ఆస్తే" అని, కొంచెం మెల్లగా మాట్లాడమని బతిమాలేవారు. ఠీక్ హై, ఠీక్ హై అని, అదే గొంతుతో సాగించేవాడు. నేను సీట్లో కిందికి జారిపోయి, ఈయనెవరో నాకు తెలియనట్టు కూర్చునేవాణ్ణి.

అక్కకి చెవులు కొంచెం మందమని మాకు తెలుసు. కొంచెమే అనుకున్నాం.

ఒక ఏడాది సంచిక పని మీద సంఘం గదిలో మా ఇద్దరికీ పెద్ద గొడవైంది. ఆ ఏడు నాకు ప్రాణమైన సినిమా ఒకటుంది. అన్నీ నీడలు, గుసగుసలు. నేను దాన్ని మొదట పెడితే, ఆయన చిట్టచివరికి నెట్టాడు. మొదటి స్థానంలో ఒక కుటుంబ కథ పెట్టాడు. అందులో అందరూ వరసగా నిలబడి, కెమెరా వైపు చూస్తూ, తీరిగ్గా మాట్లాడతారు. అది వేస్తే ఊరంతా నవ్వుతుందని నేనన్నాను. సెక్రటరీ గారు మా మధ్య నలిగిపోయి టీ చెప్పి, ఆ టీ రాకముందే ఇంటికి వెళ్ళిపోయారు. బావ లేచి బయటకి నడిచాడు. వీధి మలుపులో సైకిల్ ఆపి, నేను వచ్చేదాకా నిలబడ్డాడు.

"నీ సినిమాలో ఒక్కడైనా మొకం ఇటు పెట్టి మాటాడినాడా? మీ అక్క ఏటి సూసి తెలుసుకుంటాది?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అక్కకి అసలేమీ వినపడడం లేదట. పెదాలు చూసి మాట పట్టుకుంటుందట. తెర మీద తెలియనిది బావ పెదాల మీద చూసుకుంటుందట. ఆ సంగతి బయటపడితే ఆవిడ గుమ్మం దాటదని బావ భయం. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆయన లోగొంతుతో మాట్లాడడం నేను విన్నది ఆ ఒక్కసారే. ఆ ఏడు నుంచీ ఆయన చెప్పిన వరుసే అచ్చేస్తూ వచ్చాను.

నిజం తెలిశాక బావ మీద కోపం తగ్గాలి కదా, తగ్గలేదు. అక్కకి అర్థమైన సినిమాలను అక్కకే చూపించుకోవచ్చు. అవే దేశంలో గొప్ప సినిమాలని, అవార్డులవాళ్ళు వాటినే ఎంచాలని పట్టుబట్టడమెందుకు? అదే అడిగాను. మరి గొప్ప సినిమా అంటే ఇంకేటి అని ఎదురడిగి, మా ఇంట్లో రెండో గ్లాసు టీ తాగాడు.

నామినేషన్లు వచ్చినప్పుడు అక్క ఇంట్లో ఇంకా కర్మకాండ నడుస్తోంది. బావ చెప్పినవాటిలో ఒక్కటీ లేదు. ఫోన్ పట్టుకుని కాసేపు వసారాలో నిలబడ్డాను. తిట్టేవాడు లేకపోతే ఆ పేర్లు చదవడానికే బుద్ధి పుట్టలేదు. లోపలికి వెళ్ళి, అక్కకి ఎదురుగా కూర్చుని, బావ చెప్పినవేవీ రాలేదని నెమ్మదిగా చెప్పాను. అక్క నా పెదాలు చూసి నవ్వింది.

"ఎలాగొస్తాయి? అయ్యి నాకే నచ్చనేదు," అంది.

తను సరిగ్గా పట్టుకోలేదేమోనని మళ్ళీ చెప్పాను. పట్టుకుంది. ఆవిడకి ఇష్టమైనవి ఫైటింగ్ సినిమాలట. డప్పులు మోగితే ఆ అదురు కుర్చీలోంచి గుండెలోకి ఎక్కుతుందట. ఆ ఒక్కటీ మధ్యలో ఎవరూ చెప్పక్కర్లేకుండా తనకే తెలుస్తుందట. మరి బావకెందుకు చెప్పలేదని అడిగాను.

"మీ బావ నాకోసం ఎతికి ఎతికి ఒక సినిమా తెచ్చీవోరు. నచ్చనేదని ఏ మొకం పెట్టుకుని సెప్పను?"

ఊరందరి చేత నేను తిట్లు తిన్నది ఆవిడకి కూడా నచ్చని సినిమాల కోసమన్నమాట. ఈ మాట బావకి చెప్పి, ఆయన ముఖం ఎలా మారుతుందో చూడాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. ఆయన ఒప్పుకునేవాడు కాదు. అక్క తన మనసు తనే సరిగ్గా చూసుకోలేదని వాదించేవాడు.

ఇదంతా సంచికలో రాయనా అని అడిగాను. రాసుకో, ఇప్పుడు దాచి ఏం చేస్తానంది.

నెల దాటాక, ఎవరేమనుకున్నా అనుకోనీ అని, అక్కని ఒక ఫైటింగ్ సినిమాకి తీసుకెళ్ళాను. నా లెక్కలో అది ఏ జాబితాకీ పనికిరాని సినిమా. మొదటి ఫైటు రాగానే హాలంతా డప్పుల మోత. నాకు తల పగిలిపోతోంది. అక్క రెండు అరచేతులూ కుర్చీ చేతుల మీద గట్టిగా ఆనించి కూర్చుంది. కాసేపటికి, కళ్ళు తెర మీదే ఉంచి, నా చెయ్యి తీసి తన చేతి కింద, ఆ చెక్క మీద పెట్టింది. చెక్క వణుకుతోంది.