మామిడి మొద్దులో వంగిన రేకు

1961లో మామిడి సీజను అయిపోయిన రోజులు. నూజివీడులో నాకొక చిన్న వెల్డింగ్ షెడ్డు ఉండేది. అందరూ శెట్టిగారనే మామిడికాయల వ్యాపారి ఒక పాత కారు తెచ్చి, వెనకభాగం కోసి స్టేషన్ వ్యాగన్‌లా పెంచమన్నారు. ముందు మనుషులు, వెనక కాయల గంపలు పట్టాలి. చూపుకు మాత్రం కంపెనీలోంచి వచ్చినట్టే ఉండాలి.

అతుకు పెట్టడం నాకు వచ్చు. రేకు వంచడం వేరే విద్య. రెండువైపులా వంపు తిరగాలంటే కొట్టి సాగదియ్యాలి. ఎక్కువ సాగితే రేకు పొంగి, వేలితో నొక్కగానే టప్పున లోపలికి పోతుంది. ఆ పని చేసింది నాగరత్నం. ముసునూరులో ట్రంకు పెట్టెలు చేసే ఆయన కూతురు, మా షెడ్డులో కూలికి చేరింది. తోటలో కొట్టేసిన మామిడిచెట్టు మొద్దు ఒకటి తెప్పించుకుని, మధ్యలో గుంట తొలిచి, రేకును అందులో తిప్పుతూ చెక్క సుత్తితో కొట్టేది. తర్వాత కళ్లు మూసుకుని, రేకు మీద పాత చీరముక్క పరిచి అరచేతితో తడిమేది. కంటికి ఆనని ఎత్తుపల్లాలు ఆ చేతికి తగిలేవి.

"ఇది కుదిరితే తర్వాతి కారు నీ సొంత కాంట్రాక్టు" అన్నాను. ఆవిడ కోరుకున్నదీ అదే.

"మాట మీద ఉంటారా, మేస్త్రిగారూ?"

"ఉంటానమ్మా."

బండి తీసుకెళ్లడానికొచ్చిన శెట్టిగారు దాని చుట్టూ తిరిగి చూశారు. "ఎవరి చెయ్యయ్యా ఇది? చింతలపూడిలో మా బావ కారుంది. ఆ చేతికే ఇప్పిస్తా" అన్నారు.

నాగరత్నం పక్కనే నిలబడి ఉంది. "నాదేనండి" అన్నాను. ఆడమనిషి కొట్టిందంటే బేరం పోతుందని భయపడ్డానని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఆ మెప్పు రుచిగా ఉంది.

ఆవిడ గొడవపడలేదు. రిక్షా పిలిచి మొద్దు ఎక్కించింది.

"అదెక్కడికి?" అన్నాను.

"చెయ్యి మీదేనన్నారుగా. మొద్దు నాది."

శెట్టిగారి బావ కారు వచ్చింది. నేను కొట్టిన రేకు కాల్చిన అప్పడంలా తేలింది. నాగరత్నం హనుమాన్ జంక్షన్‌లో లారీ బాడీలు కట్టేచోట పనిచేస్తోందని తెలిసి వెళ్లాను.

"రండి మేస్త్రిగారూ. ఏంటి, చెయ్యి నొప్పా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"తప్పయిందమ్మా. వచ్చి చెయ్యి. కూలి ఎంతంటే అంత."

"కూలికైతే రానండి. శెట్టిగారినే ఇక్కడికి తీసుకురండి. నేను కొడుతుంటే చూస్తారు. నచ్చితే బేరం నాతో."

ఆ వ్యాగన్‌లోనే వెళ్తూ శెట్టిగారికి నిజం చెప్పాను. ఆయన నావైపు చూడలేదు. అక్కడ స్టూలు వేసుకుని పొద్దుగుంకేదాకా ఆవిడ పని చూశారు. లేచి రేకు తడిమి, "కారు ఎప్పుడు పంపమంటారమ్మా?" అని ఆవిడనే అడిగారు.

తర్వాత ఆవిడ జంక్షన్‌లోనే సొంత షెడ్డు వేసుకుంది. జీపులకు టాపులు, వ్యాన్లకు బాడీలు, ఎవరికెలా కావాలంటే అలా కట్టింది. ఏలూరు నుంచి కూడా బళ్లు ఆవిడను వెతుక్కుంటూ వచ్చేవి. చేసినవాళ్ల పేరు నలుగురిలో చెప్పడం కూడా మేస్త్రి పనేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

నూజివీడులో మాత్రం ఆ మొదటి వ్యాగన్‌ను చూపించి ఇప్పటికీ నా పేరే చెబుతారు. ఇన్నేళ్లూ నేను కాదనలేదు. ఆ బండిలో నాది అతుకొక్కటే. అదైనా ఆవిడ ఆకురాయితో అరగదీశాకే నునుపయింది.