గొంతు మింగిన యాంప్

జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో మా అంతటి బ్యాండు ఇంకొకటి లేదు. ఈ ఊళ్ళో తెలుగు పాటలు వాయించే బ్యాండు మాది ఒక్కటే కాబట్టి ఈ మాట ధైర్యంగా అనగలను. మేం ముగ్గురం. నేను గిటారు. ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చుని కార్లకి సాఫ్ట్‌వేర్ రాసే భీమవరం తమ్ముడు కహోన్ వాయిస్తాడు. కహోన్ అంటే ఏం లేదు, మీద కూర్చుని అరచేతులతో కొట్టే చెక్కపెట్టె. పాడేది కరీంనగర్ నుంచి మాస్టర్స్ చదవడానికొచ్చిన అమ్మాయి. స్టుట్‌గార్ట్‌లో హాస్టల్లో ఉంటుంది, ఎస్-బాన్ రైలెక్కి వస్తుంది, నన్ను అన్నా అంటుంది.

మా కచేరీలు కూడా అంత గొప్పవే. నెలకోసారి అద్దెకి తీసుకున్న జర్మన్ చర్చి హాల్లో మా తెలుగు ఫెలోషిప్ ఆరాధన. అప్పుడప్పుడూ ఎవరింట్లోనో పిల్లల పుట్టినరోజు. ఏడాదికోసారి ఉగాది సభ. అందులో మా వంతు ఎప్పుడూ ఉపన్యాసాలకీ భోజనాలకీ మధ్య వస్తుంది, సరిగ్గా జనం ప్లేట్ల కోసం లేచే సమయానికి.

అప్పటిదాకా నా దగ్గర గిటారు సౌండు పెంచే టిఫిన్ క్యారియరంత యాంప్ ఒకటి ఉండేది. ఇంట్లో సాధన చేసుకోవడానికి కొన్నది. ఒక పుట్టినరోజు ఫంక్షన్లో పదిహేనుమంది పిల్లలు బెలూన్లు పగలగొడుతుంటే గంటసేపు వాయించాను. చివర్లో మా తమ్ముణ్ణి అడిగాను, గిటారు వినిపించిందా అని.

"భలేవారే మాస్టారూ, వినిపించకపోవడమేంటి? మీ వేళ్ళు కదులుతుంటే నేను చూస్తూనే ఉన్నాను" అన్నాడు.

ఆ ఓదార్పుతో నాలో పట్టుదల పెరిగింది. మంచి కాంబో కొనాలనుకున్నాను. కాంబో అంటే యాంప్లిఫయరూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉండేది. నా కోరికలు పెద్దవేం కావు. ఆరాధనలో దేవదూతల వీణలా మృదువుగా మోగాలి. సినిమా పాటలో గరగరలాడాలి. ఇంట్లో వాయిస్తే పక్కింటికి వినబడకూడదు, హాల్లో వాయిస్తే చివరి వరసకి వినబడాలి. ఒంటిచేత్తో మోసుకుపోయేలా ఉండాలి. ఇన్ని గుణాలున్న మనిషి ఎక్కడా దొరకడు గానీ, పెట్టె దొరుకుతుందని నమ్మాను.

మూడు నెలలు వీడియోలు చూశాను. గడ్డాలు పెంచుకున్న మనుషులు ఒక్కొక్కరూ ఒక్కొక్క యాంప్ ముందు కూర్చుని కళ్ళు మూసుకునేవారు. ప్రతి యాంప్‌లోనూ వాళ్ళకి వెచ్చదనం కనిపించేది, లోతు కనిపించేది, జీవం కనిపించేది. ఒక్క ధరే ఎక్కడో కింద, చిన్న అక్షరాల్లో కనిపించేది. నేను ఎక్సెల్ షీటు పెట్టి వాట్లు, స్పీకరు సైజు, చానెళ్ళు, ఎఫెక్టులు అన్నీ రాశాను. పదిహేడు కాలమ్‌లయ్యాయి. మా ఆవిడ కాఫీ ఇవ్వడానికొచ్చి స్క్రీను చూసింది.

"ఏవండీ, ఇందులో ఇంట్లో ఎక్కడ పెడతారో రాసే కాలమ్ లేదే?"

సంగీతం తెలియనివాళ్ళ ప్రశ్నలు ఇలాగే ఉంటాయని మనసులో అనుకుని, కాఫీ పుచ్చుకున్నాను.

చివరికి గడ్డాలన్నీ ఏకగ్రీవంగా మెచ్చుకున్న వాల్వు యాంప్‌నే ఆర్డరిచ్చాను. లోపల గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతాయి. యాభై వాట్లు, ఇరవై నాలుగు కిలోలు. డెలివరీ మనిషి కింద బెల్లు కొట్టి, పెట్టెని మెట్ల దగ్గర దించి, నేను కిందికి దిగేలోగా వీధి మలుపు తిరిగాడు. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ప్రతి మలుపులోనూ ఆగి ఊపిరి పీల్చుకుంటూ పైకి మోశాను. మా ఆవిడ తలుపు పట్టుకుని సాయం చేసింది.

తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, వాల్వు యాంప్ అసలు రుచి వాల్యూము సగం దాటాకే తెలుస్తుందట. మా ఇంట్లో ఒకటి దాటగానే గోడ మీది పెళ్ళి ఫొటో వంకర తిరిగింది. ఐదేళ్ళ మా అమ్మాయి రెండు చెవులూ మూసుకుని "పపా, త్సు లౌట్!" అని అరిచింది. దానితో మేం తెలుగులో మాట్లాడతాం, అది జర్మన్‌లో జవాబిస్తుంది. చాలా ఎక్కువ సౌండు అని దాని ఫిర్యాదు. ఇక్కడ ఆదివారమంతా ఇరుగుపొరుగులు నిశ్శబ్దంగా ఉండాలని నియమం. నాకు తీరిక దొరికేది ఆదివారమే. అలా నేనూ నా యాంపూ ఒకరినొకరం చూసుకుంటూ ఓ వారం గడిపాం.

ఆ తర్వాతి వారం ఆరాధన. తమ్ముడి కార్లో యాంప్‌ని తీసుకెళ్ళి హాల్లో నేల మీద పెట్టి, దాని ముందు నిలబడ్డాను. సౌండు నా పిక్కల పక్కనుంచి పోతోంది గానీ చెవులదాకా రావడం లేదు. వినబడటం లేదు కదా అని కొంచెం పెంచాను. మళ్ళీ కొంచెం పెంచాను. సగం దాటాక, ఆహా, గడ్డాలవాళ్ళు చెప్పిన వెచ్చదనం నిజంగానే వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. మధ్యలో ఒకసారి తెరిచి చూస్తే ముందు వరసలో ఉండాల్సిన పెద్దావిడ మూడో వరసలో కనిపించింది. ఇంకోసారి చూస్తే తలుపు దగ్గరుంది. గాలి కోసం వెళ్ళిందనుకున్నాను.

ఆరాధన అయ్యాక ఒక పెద్దమనిషి వచ్చి నా భుజం తట్టాడు. "బ్రదర్, ఇవాళ దేవుడికి చాలా బాగా వినిపించి ఉంటుంది" అన్నాడు. నేను వినయంగా తల వంచి ఆ మెప్పు అందుకున్నాను.

వైర్లు చుడుతుంటే మా గాయని దగ్గరికొచ్చింది. చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు ఉంది.

"అన్నా, ఒక మాట చెప్త. ఏమనుకోవద్దు."

"చెప్పమ్మా" అని ఇంకో మెప్పుకి సిద్ధమయ్యాను.

"వచ్చే నెల నుంచి నేను రాను."

"అదేంటి? పరీక్షలా?"

"పరీక్షలు కావు. గొంతు పోతున్నది." నిజంగానే ఆమె గొంతు బొంగురుగా ఉంది. "మీ గిటారు మీదికెళ్ళి పాడాలంటే అరవాలె. ఇయ్యాల నా పాట నాకే వినవడలే. రెండో చరణం నేను పాడనే లేదన్నా. నోరు మూసుకొని నిలవడ్డ. మీరు వాయించుకుంట పోయిన్రు."

నేను తమ్ముడి వైపు తిరిగాను. అతను తన కహోన్ కన్నంలోకి తొంగి చూస్తున్నాడు, లోపలేదో పారేసుకున్నట్టు.

"నువ్వు చూశావా?"

"చూశాను మాస్టారూ. మీరే కళ్ళు మూసుకునున్నారు."

దారంతా నాకు కోపమే. ఆ పిల్లకి రాగజ్ఞానం ఉంది గానీ టోన్ అంటే ఏంటో తెలియదని, మైకు దగ్గరగా పట్టుకోదని, నాలో నేనే వాదించుకుని నెగ్గాను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే అంతా విని "పాపం" అంది. నన్ను కాదు.

ఊరికి పంపడానికి మా ఆవిడ ఆరాధనలో ఆ పాటలు ఫోన్లో వీడియో తీసింది. సాయంత్రం అది పెట్టి చూశాను. మొదటి చరణంలో ఆ అమ్మాయి మెడనరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి, నోరు తెరిచి ఉంది, వినబడేదంతా నా గిటారే. రెండో చరణం దగ్గర ఆమె మైకు దించేసింది. నా వైపు తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. నేను కళ్ళు మూసుకుని, తల పైకెత్తి, ప్రపంచంలో నన్ను మించినవాడు లేడన్నట్టు వాయిస్తున్నాను. వీడియో మధ్యలో ఆపేసి వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తాగాను. నా పక్కన నిలబడి ఒక మనిషి పాడటం మానేస్తే నాకు తెలియలేదు. మూడు నెలలు చెవులకోసమే చదివినవాణ్ణి.

ఆన్‌లైన్లో కొన్న వస్తువుని రెండు వారాల్లో వెనక్కి ఇచ్చెయ్యొచ్చు. గడువు ఇంకా దాటలేదు. ఫారంలో కారణం ఎంచుకోమన్నారు. పగిలిపోయింది, వేరే వస్తువు వచ్చింది, నచ్చలేదు అని మూడే ఉన్నాయి. వాయించేవాడిలో లోపం అనేది లేదు. నచ్చలేదు అని నొక్కి, ఇరవై నాలుగు కిలోలూ మళ్ళీ మూడంతస్తులు కిందికి మోశాను. దిగడం సులువనుకునేవాళ్ళు ఎప్పుడూ యాంప్ మోసి ఉండరు.

తర్వాత ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. క్షమించమని అడగడానికి పదినిమిషాలు డొంకతిరుగుడు మాట్లాడి, చివరికి అడిగాను. యాంప్ కొనడానికి షాపుకి రమ్మన్నాను.

"నాకు గిటార్ల గురించి ఏం తెల్వదన్నా."

"నాకు తెలిసే ఇంత జరిగిందమ్మా."

ఆమె నవ్వింది. శనివారం స్టుట్‌గార్ట్ షాపుకి ముగ్గురం వెళ్ళాం. జుట్టు పిలక వేసుకున్న పొడుగాటి సేల్స్‌మన్ నా పదిహేడు కాలమ్‌ల జ్ఞానమంతా ఓపిగ్గా విని, మూడే ప్రశ్నలు అడిగాడు. హాల్లో ఎంతమంది ఉంటారు? నలభై, యాభై అన్నాం. డ్రమ్స్ ఉన్నాయా? చెక్కపెట్టె అన్నాం. ఎలా మోసుకెళ్తారు? ఎక్కువగా ఎస్-బాన్‌లో అన్నాం. వాల్వు యాంపుల గోడని దాటుకుంటూ మూలకి తీసుకెళ్ళి ఒక మామూలు నల్లపెట్టె చూపించాడు. వాల్వులు లేవు. పదకొండు కిలోలు. వెనక ఒక స్విచ్చు ఉంది, నలభై వాట్లని ఇరవైకో, ఒక్క వాటుకో తగ్గించుకోవచ్చు. హెడ్‌ఫోన్లు పెట్టుకోవచ్చు. పెద్ద హాలైతే అక్కడి స్పీకర్లకే వైరు కలిపెయ్యొచ్చు. నేను మొహం చిట్లించాను. అతను పట్టించుకోకుండా దాన్ని కుర్చీ మీద, కొంచెం వెనక్కి వాల్చి, సరిగ్గా నా మొహంలోకి చూసేలా పెట్టాడు.

"మీ మోకాళ్ళకి చెవులున్నాయా?" అని అడిగాడు, నవ్వకుండా.

మీటగానే అదిరిపడ్డాను. ఇన్నాళ్ళూ నేను వాయిస్తున్నది నాకు మొదటిసారి వినబడింది. అంత గొప్పగా ఏమీ లేదు.

మా గాయని షాపు అవతలి మూలకి వెళ్ళి పాడటం మొదలుపెట్టింది. నేను తోడు వాయించాను. ఆమె చెయ్యి ఊపింది.

"జెర తగ్గించున్రి."

తగ్గించాను.

"ఇంకా. ఆ బుమ్‌బుమ్ అనేది వద్దు, అది తీసెయ్యిన్రి."

బేస్ తగ్గించాను. వాల్యూము మూడుకి దించాను. ఆమె కళ్ళు మూసుకుని ఒక చరణం మొత్తం పాడింది. పక్కన ఉకులేలే చూస్తున్న ఒకావిడ వాయించడం ఆపి వినసాగింది.

"ఇప్పుడు నేనున్న" అంది మా గాయని.

అదే కొన్నాం.

దానికి మొదటి కచేరీ మా అమ్మాయి వెళ్ళే కీటాలో, అంటే చిన్నపిల్లల బడిలో, వేసవి పండగ. తల్లిదండ్రులు ఏం తెస్తారో రాయడానికి గోడకి కాగితం అంటించారు. మా ఆవిడ వెళ్ళేసరికి కేకుల వరస నిండిపోయింది, సలాడ్ల వరస నిండిపోయింది, గింజలు లేని కేకుల వరస కూడా నిండిపోయింది. ఇతరములు అన్నచోట సంగీతం అని రాసి వచ్చేసింది.

తోటలో చెట్టు కింద మాకు చోటిచ్చారు. తాళాలగుత్తి ఊపుకుంటూ తిరిగే హౌస్‌మైస్టర్, అంటే ఆ బిల్డింగు బాగోగులు చూసే పెద్దాయన, ఒక పొడుగాటి వైరు లాగి ఇచ్చాడు. ఆ వైరుకే పక్కన రెండు వాఫెల్ పెనాలు కూడా తగిలించారు. యాంప్‌ని కుర్చీ మీద వాల్చి, వాల్యూము మూడు దగ్గర పెట్టి, పాట మొదలుపెట్టాం. చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరిగే పాట అది, మా గాయని వాళ్ళ ఊళ్ళో నేర్చుకున్నది. పల్లవి అవుతుండగా మూడో పెనం వేడెక్కించారు. ఫ్యూజు పోయింది.

యాంప్ ఆగిపోయింది, మైకు ఆగిపోయింది. వాఫెల్స్ దగ్గర హాహాకారాలు. కరెంటు లేని ఎలక్ట్రిక్ గిటారు రబ్బరుబ్యాండుకన్నా కాస్త నయం, అంతే. నేను వాయించడం మానేశాను. ఆమె మాత్రం పాడటం ఆపలేదు. రెండడుగులు ముందుకొచ్చి, చేతులు తడుతూ, గొంతు ఎత్తకుండానే చరణంలోకి వెళ్ళింది. తమ్ముడు పెట్టె మీద దరువు అందుకున్నాడు. ముందు నలుగురు పిల్లలు వచ్చారు, తర్వాత టీచర్లు వచ్చారు, పిండి చేతులతో వాఫెల్స్ ఆవిడ కూడా వచ్చింది. అందరూ చప్పట్లు కొడుతూ ఆమె చుట్టూ తిరుగుతున్నారు. నేను ఒక్కణ్ణే ఖరీదైన గిటారు మెడలో వేసుకుని పనిలేకుండా నిలబడ్డాను. అలా నిలబడి ఆమె పాట మొత్తం విన్నాను. రెండేళ్ళలో మొదటిసారి.

ఈలోగా హౌస్‌మైస్టర్ వంటగది నుంచి ఇంకో వైరు తెచ్చాడు. "వాఫెల్స్ అక్కడ. సంగీతం ఇక్కడ" అని దేశసరిహద్దులు ప్రకటించినంత గంభీరంగా చెప్పి, మా ప్లగ్గు పెట్టాడు. యాంప్ లైటు వెలిగింది. ఆఖరి చరణానికి నేను కూడా మెల్లిగా చేరాను. ఆమె పాడుతూనే నా వైపు చూసి తల ఊపింది. వాల్యూము ముట్టుకోలేదు నేను. మా అమ్మాయి పక్కపిల్లని లాక్కొచ్చి గర్వంగా వేలు పెట్టి చూపించింది, నన్ను కాదు, పాట పాడిన అత్తని.

అంతా అయ్యాక హౌస్‌మైస్టర్ వచ్చి, వాళ్ళక్క అరవయ్యో పుట్టినరోజుకి వాయిస్తారా అని నన్ను అడిగాడు. నేను మా గాయనిని చూపించాను. ఆమె తన కొత్త జర్మన్‌లో, తడుముకుంటూనే, హాలు ఎంతుంటుంది, ఎంతమంది వస్తారు, ప్లగ్గులు ఎన్ని, అన్నీ వేరువేరు లైన్లేనా అని వరసగా అడిగింది. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి రాసుకున్నాడు.

ఆమెని రైలెక్కించడానికి స్టేషన్‌కి వెళ్ళాం. ఎస్-బాన్ మామూలుగానే ఆలస్యం. బెంచీ మీద కూర్చుని పుట్టినరోజుకి పాటలు ఏవి పాడాలో ఎంచుకున్నాం. ఆమె నాలుగు చెప్పింది, నేను రెండు చెప్పాను. నావాటిలో ఒకటి ఒప్పుకుంది, రైలొచ్చేసరికి.