ఏడాది జిమ్మేదారి

అంబదాస్ తన చేతులతో తయారు చేసిన కొత్త కారు ఒకటే. ఇంకొకటి ఎందుకు చేయలేకపోయాడో నస్పూర్‌లో ఎవర్నడిగినా చెబుతారు. చెప్పేవాళ్లకు సగమే తెలుసు. మిగతా సగంలో నేనున్నాను కాబట్టి నేనే రాయాలి.

నేను అప్పట్లో తపాలా ఆఫీసులో గుమాస్తాను. పక్కనే అతని రేకుల షెడ్డు. ఆసిఫాబాద్ దిక్కు మనిషి, ఇంట్లో మరాఠీ. బొగ్గుబావిలో ఫిట్టర్ పని వదిలిపెట్టి లారీలు, జీపులు బాగుచేస్తుండేవాడు. 1982లో లక్సెట్టిపేట అవతలి ఊరి భూస్వామి కొండల్‌రావు ఒక ఇంగ్లిష్ పత్రిక పట్టుకొని వచ్చాడు. అందులో పైకప్పు లేని, ఇద్దరే కూర్చునే విదేశీ పందెం కారు బొమ్మ ఉంది.

"గిట్లాంటిది చేస్తవా అంబదాస్?"

"చేస్త దొరా."

పద్నాలుగు నెలలు పట్టింది. పాత ఇంజన్ తెచ్చి కొత్తదాని లెక్క చేశాడు. రేకును సుత్తితో కొట్టి కొట్టి బొమ్మలోని వంపులన్నీ తెప్పించాడు. ఎర్రరంగు వేశాక ఊరు ఊరంతా చూడవచ్చింది. షెడ్డు ముందు 'కొత్త కార్లు తయారు చేయబడును' అని బోర్డు పెట్టాడు. కరీంనగర్ డాక్టరొకాయన, మంచిర్యాల కాంట్రాక్టరొకాయన తమకూ కావాలన్నారు. మనిషి నేలమీద నడవలేదు ఆ నెలంతా.

దొరకు జిమ్మేదారి కాగితం రాసిమ్మని నన్నడిగాడు. ఏది చెడినా తానే వచ్చి బాగుచేస్తానని రాయమన్నాడు. "ఎన్ని రోజులు?" అన్నాను. అతనికి ఆ ఆలోచనే లేదు. లోకం తెలిసినవాణ్ని గదా, 'ఒక ఏడాది' అని నేనే రాశాను.

కారు అప్పగించడానికి పురోహితుడు పొద్దున తొమ్మిదింటికి ముహూర్తం పెట్టాడు. ఎనిమిదింటికి దొర ఎక్కి కూర్చుంటే స్టీరింగ్ చేతికి అందలేదు. బొమ్మలోలాగే సీటు బాగా వెనక్కి ఉంది మరి. అంబదాస్ హడావిడిగా స్టీరింగ్ రాడ్డు కోసి, జానెడు ముక్క కలిపి వెల్డింగ్ చేశాడు. ఆకురాయితో నున్నగా రాకి రంగు పూశాడు. తొమ్మిదింటికి నిమ్మకాయల మీదుగా కారు కదిలింది.

ఇక మొదలయ్యాయి తిప్పలు. కారు బొమ్మలో ఎంత కిందికి ఉందో అంత కిందికే చేశాడాయె. దొర ఊరికి పోయేది ఎడ్లబండ్ల బాట. రెండు గాడుల నడుమ మిట్ట తగిలి ఇంజన్ కింది నూనె తొట్టి పగిలింది. అంబదాస్ కొత్త తొట్టి భుజాన వేసుకొని బస్సెక్కాడు. ఎండాకాలంలో ఇంజన్ మసిలింది. బొమ్మలో మూతి సన్నగా ఉందని ఇతనూ సన్నగానే పెట్టాడు, గాలి ఎట్లా పోతుంది? వానాకాలంలో దొరసాని సరళాదేవి కారులో గొడుగు పట్టుకొని కూర్చునేది. ఏడాదిలో పదకొండుసార్లు పోయాడు. షెడ్డులో లారీలు ఎదురుచూసి వేరే చోటికి పోయాయి.

"నీకు లోకంల గదొక్కటే బండి ఉన్నదా?" అని భార్య అనసూర్య కోప్పడేది.

"మాటిచ్చిన గదనే," అనేవాడు.

ఏడాది గడిచింది. ఆ తర్వాత ఆరునెలలకు, ఇతను అంతకుముందు అతికిన ట్రాక్టర్ రాడ్డొకటి విరిగి షెడ్డుకు వచ్చింది. అంబదాస్ దాన్ని పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. రాడ్డు అంచు చుట్టూ మాత్రమే అతికింది, నడుమంతా నల్లగా ఉంది.

"కొసలు ఏటవాలుగ చెక్కి అతకాలె సారు. అప్పుడే లోపలిదాక పడుతది. తొందరల చెక్కలే. దొర కారుకు గూడ చెక్కలే."

చిన్నగా అన్నాను, సిగ్గుతో రాస్తున్నాను: "గడువు దాటింది గదా అంబదాస్. ఏదో వంక చెప్పి రాడ్డు మార్చెయ్. నిజం చెబితే డాక్టరూ కాంట్రాక్టరూ అడిగిన ఆ రెండు కార్లూ పోతాయి."

"వంక చెప్తే రేపు రమ్మంటరు, ఎల్లుండి రమ్మంటరు. గడువు మీరు రాసిండ్రు సారు, బండి నేను చేసిన."

మొదటి బస్సుకే పోయాము. మేము చేరేసరికి కారు వాకిట్లో ఉంది. కొండల్‌రావు స్టీరింగ్ పట్టుకొని ఉన్నాడు, పక్కన సరళాదేవి, ఆమె ఒడిలో పలక పట్టుకొని ఐదేళ్ల మనవరాలు ప్రమోదిని. బాసరలో అక్షరాభ్యాసానికి బయలుదేరారు. అంబదాస్ పోయి కారుకు అడ్డంగా నిలబడ్డాడు.

"దిగుండ్రి దొరా. స్టీరింగ్ మీద నాకు నమ్మకం లేదు. తప్పు నాదే."

"ఇన్ని దినాలు ఏం కాలే. జరుగు."

అతను జరగలేదు. దొర విసుక్కుంటూ దిగాడు. అంబదాస్ రాడ్డు విప్పి, అతుకు దగ్గర రంపంతో కోసి దొర చేతిలో పెట్టాడు. అంచున వెంట్రుకవాసి ఇనుము మెరుస్తోంది. లోపలంతా తుప్పు. సరళాదేవి పిల్లను గట్టిగా పట్టుకొని ఇంట్లోకి పోయింది.

కొండల్‌రావు చెడ్డవాడేం కాదు. అబద్ధం కూడా చెప్పలేదు. ఎవరడిగినా ఆ ముక్క చూపించి "అంబదాస్ అతుకు గిది" అనేవాడు. డాక్టర్ రాలేదు, కాంట్రాక్టర్ రాలేదు. తర్వాత జీపులూ రాలేదు. బోర్డు అంబదాసే దించుకున్నాడు. పదేళ్లు సైకిళ్లకు పంక్చర్లు వేసి, 1995లో గుండె ఆగి పోయాడు.

పదకొండో రోజున సరళాదేవి వచ్చింది. వెంట పదిహేనేళ్ల ప్రమోదిని. అనసూర్య చేతులు పట్టుకొని, "ఆ దినం ఆయన రాకపోతే ఈ పిల్ల లేదు, నేను లేను," అని ఏడ్చింది.

అనసూర్య ఏడవలేదు.

"గా ముక్కను పది ఊర్లల్ల చూపిచ్చిండ్రు. గీ ముచ్చట ఒక్కలకన్న చెప్పిండ్రా దొరసానీ?"

నేను తలదించుకున్నాను.

"చెప్పలే," అంది సరళాదేవి.