కండెన్సర్ గుర్తు

దేవరకొండలో రేడియోలు బాగుచేసే ఖుద్దూస్‌కు తన పనితనం మీద మహా ధీమా. అతను విప్పిన పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో కండెన్సర్ ప్లస్ కాలు ఎప్పుడూ ఎర్తు వైపే ఉండేది. అందుకే ఏ కాలు ప్లస్సో, ఏది మైనస్సో చెప్పే దాని మీది గుర్తు చూసే అలవాటు అతనికి ఏనాడో పోయింది.

టైపు నేర్పే పక్కింటి మంజులత తన కంప్యూటర్ బోర్డు తెచ్చినప్పుడూ చూడలేదు. ఇంట్లోనే చాప మీద కూర్చుని, ఉబ్బిన కండెన్సర్ పీకి, అలవాటు కొద్దీ ప్లస్ కాలు ఎర్తు వైపే పెట్టి కొత్తది అతికించాడు. కంప్యూటర్లో బిగించి కరెంటు ఇవ్వగానే అది ఠప్పున పేలింది. బోర్డు మాడిపోయింది.

"బోర్డు ముందే ఖరాబైనట్టుంది చాచా. ఉత్తగ మీకు తిప్పలు వెట్టిన," అంది మంజులత.

ఈ బోర్డులో ఎర్తు వైపు ఉండాల్సింది మైనస్ కాలని, తానే తిరగేసి పెట్టానని అప్పటికే తెలిసిపోయింది ఖుద్దూస్‌కు.

"అంతే బిడ్డా," అన్నాడు.

ఇప్పుడు ఏ రేడియో విప్పినా ముందు గుర్తు చూస్తాడు. మంజులత ఎదురైతే మాత్రం నేల చూస్తాడు.