మంచుకొండ పువ్వుకు పోపు ఘాటు

తెలియని పని చేసి తప్పులో కాలేస్తే లోకం జాలిపడుతుంది. నేను బాగా తెలిసిన పని చేసి, తప్పులో కాలు కాదు, నడుం దాకా దిగబడ్డాను. ఊహ తెలిసిన నాటి నుంచీ కోనసీమ వరిచేలలో కలుపు తీసిన చెయ్యి నాది. ఆ చేత్తోనే కువైట్‌లో ఒక్క కుండీలో కలుపు తీసి, ఒక కొండకు గుండు కొట్టేశాను. వినండి మరి.

అప్పట్లో అక్కడి సల్వా అనే పేటలో ఒక ఇంట్లో పని. అక్కడ ఇంటావిడను మామా అంటాం. ఆవిడ తల్లిని పెద్ద మామా అనేదాన్ని. ఆ ముసలమ్మ తుంటి విరిగి మంచాన పడింది. భర్త పోయాక మాటలు కూడా తగ్గించేసింది. ఉన్నది ఒక్కటే కోరిక: పెళ్ళైన కొత్తలో ఆయనతో మంచుకొండలకు వెళ్ళినప్పుడు, రాళ్ళ సందుల్లో చూసిన చిట్టి నీలం పూలు మళ్ళీ కళ్ళారా చూడాలని. 'నన్ను మరిచిపోకు' అని ఆ పూల పేరట!

మామా ఎక్కడి నుంచో విత్తనాలు తెప్పించింది. తడి గుడ్డలో చుట్టి కొన్నాళ్ళు ఫ్రిజ్‌లో ఉంచి, ఉన్నవన్నీ ఒకే కుండీలో చల్లి, ముసలమ్మ గదిలో కిటికీ పక్కన పెట్టింది. ఏసీ ఎంత చల్లగా పెట్టిందంటే, బయట కారు మీద అట్టు పోసుకునే ఎండ, లోపల నేను స్వెట్టర్లో గజగజ.

"నీళ్ళు పొయ్యి సత్యా. ఇంకేమీ చెయ్యకు," అంది.

ఇంకేమీ చెయ్యకుండా ఉండడం మావాళ్ళకు చేతనవుతుందా? మా ఇళ్ళలో బియ్యం కడిగినా పప్పు కడిగినా ఆ నీళ్ళు మొక్క మొదట్లోకే. ఆ అలవాటు కొద్దీ నేను పోపుల పెట్టె కడిగిన నీళ్ళు కూడా కుండీలోకే వంచాను. బలమని!

మొలకలు రెండు రకాలు వచ్చాయి. ఒకటి నున్నగా, జోరుగా, పెళ్ళివారి పిల్లల్లా. రెండోది నేలకు కరుచుకుని, ఆకు నిండా నూగుతో, గడ్డం గీసుకోని బైరాగిలా. చూడగానే తేల్చేశాను: నూగుది కలుపు! వేళ్ళతో సహా పీకేశాను.

"ఏం తీస్తున్నావే?" అంది పెద్ద మామా మంచం మీది నుంచి.

"కలుపండీ. మీ పూలకు అడ్డం."

"జైన్, జైన్! భేష్, బాగా తియ్యి," అని మురిసిపోయింది.

మొక్క మూరెడు లేచింది. పొద్దున్నే "ఎంత పెరిగింది?" అని అడగడానికే ఆ తల్లి నిద్ర లేచేది. దిండు ఎత్తు చేయించుకుని మరీ చూసేది. చివరికి మొగ్గ విచ్చింది. పసుపు!

"నీలం కదే?" అంది.

"ముందు మధ్యలోని పసుపు బొట్టు వస్తుందండీ. నీలం రేపొస్తుంది," అన్నాను ధీమాగా.

నీలం రాలేదు. ఇంటి డ్రైవర్, కడప సుబ్బరాయుడన్న, నీళ్ళ డబ్బా మోసుకొచ్చాడు.

"ఏందక్కా, ఆవచెట్టుకు ఏసీ పెట్నారు?"

"మంచుకొండ పువ్వండీ ఇది! మీకేం తెల్సు?"

"మంచుకొండా, నా తలకాయా! మా చేన్లో పండిస్తాంటిమి గదా. ఆకు నమిలి సూడు!"

నమిలాను. ఘాటు నషాళానికి ఎక్కింది. పోపుల పెట్టె నీళ్ళతో జారిన ఆవాలే మొలిచాయి, నేను కలుపని పీకిందే అసలు పువ్వు! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నా ఏసీ చెట్టు పోపుకు పనికొచ్చేది!

సంగతి విని వచ్చిన మామా మొహం ఎర్రబడింది. "విత్తనాలన్నీ అందులోనే చల్లాను కదే! ఖలాస్!"

నేను కుండీ పక్కన కూలబడి ఏడుపు మొదలెట్టాను. ఘాటుకు సగం, సిగ్గుకు సగం. అప్పుడు మంచం కిర్రుమంది. పెద్ద మామా నవ్వుతోంది! కళ్ళు తుడుచుకుంటూ, దగ్గుతూ, నవ్వుతోంది.

"దాన్ని తిట్టకు," అంది కూతురితో. "మీ నాన్నా ఇంతే. పువ్వు తెస్తానని కొండెక్కి, గొప్పగా గడ్డి కోసుకొచ్చాడు. ఆ గడ్డే జడలో పెట్టుకుని తిరిగాను."

మామా ఆ మాట అంతకు ముందెప్పుడూ వినలేదట. తల్లి పక్కన కూర్చుని, "ఇంకా చెప్పమ్మా," అంది. ఆ మధ్యాహ్నమంతా ముసలమ్మ ఆయన మాటలే చెప్పింది. నేను చాయ్ మీద చాయ్ పెట్టాను.

అక్కడితో ఆగిందా? చూడవచ్చిన చుట్టాలందరికీ పెద్ద మామా కన్నార్పకుండా చెప్పేది: "మంచుకొండ పువ్వు. మన ఎండకు పచ్చబడింది!" కాయలు ఎండగానే విత్తనాలు పంచింది కూడా.

కొన్నాళ్ళకు సబా అల్ సలేం నుంచి మా కడప స్నేహితురాలు ఫోన్ చేసింది. "అక్కా, మా మామా ఆవచెట్టుకు దుప్పటి కప్పి కాపలా కాయమంటాంది! పప్పులోకి రెండాకులు తెంపితే కొట్టేకొచ్చె! ఏ తిక్కలది చెప్పిందో ఏమో!"

"ఎవరో పాపం," అన్నాను.

ఆ రోజే నా రెండు చేతుల మీదా ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఈ జన్మలో పువ్వు పూసి, తన పేరేమిటో తానే చెప్పేదాకా ఏ మొక్కనూ కలుపని పీకను. పీకమని మా ఆయన చెప్పినా సరే. అదేనండీ, పెళ్ళిచూపులకు మల్లెపూలనుకుని నందివర్ధనాలు తెచ్చిన మహానుభావుడు!