బామ్మర్ది పట్టిన తాడు

ఇన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. జిమ్‌లో అంతకంటే పెద్దవి ఎత్తుతాను, కుర్రాళ్ళ చేత ఎత్తిస్తాను. వాటిని దించి పక్కన పెట్టొచ్చు, దీన్ని పెట్టలేను. నా భార్యకు చెప్పలేదు. శ్రీశైలం వెళ్ళి మల్లన్న ముందు నిలబడి కూడా, ఆ సంగతి తప్ప మిగతావన్నీ చెప్పుకుని వచ్చాను. మీకు చెప్తున్నానంటే కారణం ఒక్కటే. మీరు నన్ను ఎరగరు.

మాది మార్కాపురం దగ్గర పల్లె. టౌన్లో నాకు జిమ్ ఉంది. అది ఒక టీవీ షో పుణ్యమా అని వచ్చింది. మనుషుల్ని అడవిలో వదిలి, ఎవరు చివరిదాకా నిలబడతారో చూసే షో. చూసేవాళ్ళకు అది కీకారణ్యం. నిజానికి దోర్నాల అవతల, రిజర్వు ఫారెస్టుకు బయట ఒక ప్రైవేటు గుట్ట. పొదల వెనక జనరేటర్ మోగుతూ ఉండేది. ఆకలి మాత్రం నిజం. దోస్తులు బస్టాండు దగ్గర నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు, ‘మార్కాపురం పులి’ అని. నేను పులిని ఫోన్లో తప్ప చూడలేదు.

అక్కడ నాకు దొరికిన మనిషి గురవయ్య. చెంచు గూడెం మనిషి, నాకంటే కొంచెం పెద్ద. అడవిలో పుట్టినవాడే గానీ, క్యాంపులో బిర్యానీ కావాలని అందరికంటే ముందు గొడవ పెట్టుకున్నది అతనే. దువ్వెన లేకపోతే ఊరుకునేవాడు కాదు. అందర్నీ నవ్వించేవాడు. గెలిచేది గురవయ్యే అని కెమెరా వాళ్ళు కూడా అనుకునేవారు. నేనూ అవునవును అనేవాణ్ణి. అన్న ప్రతిసారీ కడుపులో ఏదో మండేది. అది అసూయ. అప్పుడు దానికి ఆ పేరు పెట్టుకోలేదు.

ఇంటివాళ్ళను తీసుకొచ్చి చూపించే రోజు ఒకటి పెట్టారు. గొర్రెల్ని వదిలి రాలేనన్నాడు మా నాయన. గురవయ్య భార్య లక్ష్మి వచ్చింది, జొన్న రొట్టెలు, చెనిక్కాయల పచ్చడి తెచ్చింది. నేను ఒంటరిగా దూరంగా కూర్చుంటే పిలిచి, ‘తిను తమ్ముడా’ అని రొట్టె చేతిలో పెట్టింది. తిన్నాను. అక్కా, ఇంకోటి వెయ్యి అని అడిగి మరీ తిన్నాను.

మర్నాడు తేనె టాస్కు. కొండ అంచు నుంచి ఒకరు తాడు మీద దిగి తేనెపట్టు కోసుకురావాలి, పైన ఒకరు తాడు పట్టాలి. తేనె వస్తే దిగినవాడు నేరుగా ఫైనల్‌కు పోతాడు. రాకపోతే తాడు పట్టినవాడు పోతాడు. మనుషుల మధ్య చిచ్చు పెట్టడానికే ఆ రూలు పెట్టారని అందరికీ తెలుసు. గురవయ్య దిగుతానన్నాడు. తాడు పట్టడానికి నన్నే ఎంచుకున్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. నాకే ఉండబట్టలేక పక్కకు తీసుకెళ్ళి అడిగాను.

“నన్నెందుకు ఎంచుకుంటివి అన్నా? నువ్వు ఓడితే నేను ఫైనల్‌కు పోతా గదా.”

“మా కాడ తేనెకు దిగేవాని తాడు బామ్మర్దే పట్టాల. ఇంకెవురు పట్టినా దిగం.”

“అన్నదమ్ముడు పట్టినా దిగరా?”

“అన్నదమ్మునికి ఏం పోతాది? తాడు వదిలితే వాని భాగం పెరుగుతాది. బామ్మర్ది వదిలితే వాని అక్క తాళి తెగుతాది. అందుకని వాడు వదలడు.”

“మీకూ మాకూ చుట్టరికం ఏముంది?”

“నిన్న లక్ష్మి నిన్ను తమ్ముడా అనింది, అన్నం పెట్టింది. నువ్వు అక్కా అని తిన్నావు. ఇంకేం కావాల?”

గురవయ్య దువ్వెనతో తల దువ్వుకుని దిగాడు.

తాడు చెట్టుకు చుట్టి ఉంది, కొంచెం కొంచెంగా నేను వదులుతూ ఉండాలి. షో వాళ్ళ సేఫ్టీ తాడు వేరే ఉంది కాబట్టి మనిషి చావడు. ఆ లెక్క నేను ముందే వేసుకున్నాను. కెమెరాలన్నీ కిందికి చూస్తున్నాయి, నా చేతుల మీద ఒక్కటీ లేదు. అదీ చూసుకున్నాను. అతను పట్టు దగ్గరికి చేరుకుని చెయ్యి చాపాడు. అప్పుడు నేను పిడికిలి విప్పాను.

కాస్త భయపెడదామనే అనుకున్నానా? చాలా ఏళ్ళు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. భయపెట్టాలనుకున్నవాడు కెమెరాలు ఎటున్నాయో ఎందుకు చూసుకుంటాడు? విప్పిన క్షణంలో నాకు భయం వేయలేదు, జాలి కలగలేదు, హాయిగా అనిపించింది, ఆ హాయి ఎక్కడి నుంచి వచ్చిందో, అంతకుముందు నాలో ఎక్కడ దాక్కుని ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. సేఫ్టీ తాడు ఆలస్యంగా బిగుసుకుంది. ఆలోపు అతని మోకాలు బండకు కొట్టుకుంది. ఆ చప్పుడు పైకి వినిపించింది.

స్ట్రెచర్ మీద ఉండగానే యాంకరమ్మ మైకు పెట్టి అడిగింది, తాడు జారిందా అని. గురవయ్య ఆమెను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు.

“బామ్మర్ది పట్టుకున్నాడు మేడం. తాడు ఎట్ల జారుతాది? నాదే కాలు తప్పింది.”

నేను తల ఊపాను. టీవీలో అది వేశారు. నేను తల ఊపడం కూడా కనిపిస్తుంది.

ఫైనల్లో ఓడిపోయాను. అయినా పేరొచ్చింది, పేరు వెంట జిమ్ వచ్చింది. గురవయ్య మోకాలు మాత్రం సరిగా అతకలేదు. ఇక కొండ దిగలేడు. రోడ్డు పక్క హోటల్లో వాచ్‌మన్‌గా చేరాడు. అక్కడితో ఆగి ఉంటే, దెబ్బలు ఎవరికి తగలవు అని సర్దుకునేవాణ్ణేమో. నమ్మి మోసపోయినవాళ్ళు చెప్పుకునే సామెత ఒకటుంది, నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని. అతనికి ఆ సామెత చెప్పుకునే అవకాశం కూడా నేను ఇవ్వలేదు. బామ్మర్ది వదలడు గనక, అతను పడటానికి గూడెంలో ఇంకో కారణం వెతికారు. తేనెకు దిగే ముందు మగవాడు ఇల్లాలికి దూరంగా నిష్ఠగా ఉండాలని వాళ్ళ నియమం. లక్ష్మి ముందురోజే వచ్చింది. అందరి ముందు రొట్టె పెట్టి వెళ్ళిపోయిందని ఆమె ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. అన్నాళ్ళూ గురవయ్యకు తాడు పట్టిన ఆమె సొంత తమ్ముడు ఆమెతో మాట మానేశాడు. ఇదంతా గురవయ్యే ఫోన్లో చెప్పాడు. విని నేను ఆరోగ్యం జాగ్రత్త బావా అన్నాను.

మొన్న శ్రీశైలం నుంచి వస్తూ దోర్నాలలో బండి ఆపాను. లక్ష్మి రోడ్డు పక్కన సీతాఫలాలు అమ్ముతోంది. నన్ను గుర్తుపట్టి, మంచివి ఏరి ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు.

“ఆ దినం నేను రాకుండా ఉండాల్సింది తమ్ముడా. నా వల్లనే ఆయన కాలు పాయె.”

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. చుట్టూ ఎవరూ లేరు. నోరు తెరిచాను కూడా.

“పోనీలే అక్కా, అయిందేదో అయిపోయింది,” అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుంది. నా మాటతో కాస్త తేలికపడినట్టు కనిపించింది. అంటే నేను ఆమెను క్షమించాను. ఆ పని చేసి, పండ్లు సీట్లో పెట్టుకుని వచ్చేశాను.

ఇన్నాళ్ళూ ఎక్కడా అనని మాట ఇక్కడ రాస్తున్నాను. తాడు జారలేదు. నేను వదిలాను.