సొరుగులో ముద్ర

ఉత్తర మినసోటాలోని ఆ చిన్న ఊళ్ళో ఇల్లు కట్టుకోవాలన్నా, ఉన్న ఇంటికి ఒక మెట్టు వేసుకోవాలన్నా అనుమతులిచ్చే అధికారి టోర్గర్సన్ ముద్ర పడాల్సిందే. ముద్ర అతని సొరుగులో ఉంటుంది. సొరుగుకు అడ్డంగా అతని పొట్ట ఉంటుంది. అర్జీ రాగానే కళ్ళజోడు తుడుస్తాడు, వేలు ఉమ్మితో తడుపుకుంటాడు, మూడో పేజీలో ఏదో ఒక తప్పు పట్టుకుని "మళ్ళీ రాసుకురా" అంటాడు. అలా నవంబరు దాకా తిప్పితే చలికి నేల గడ్డకట్టిపోతుంది, వసంతం దాకా ఎవరూ తవ్వలేరు. ఇక పునాదుల తనిఖీకి తిరిగే బాధ ఉండదు. సరస్సు మీది మంచుకు కన్నం పెట్టుకుని హాయిగా చేపలు పట్టుకోవచ్చు.

మొన్న ఐలా కొస్కి నాలుగోసారి వచ్చింది. గుమ్మానికి ఏటవాలు దారి కట్టిస్తే తప్ప, కాళ్ళు పడిపోయిన ఆమె భర్తను ఆస్పత్రి వాళ్ళు ఇంటికి పంపరు.

"నేల గడ్డకట్టేసిందమ్మా. ఏప్రిల్లో రా," అన్నాడు తల ఎత్తకుండానే.

ఆమె సంచిలోంచి మట్టిముద్ద తీసి బల్ల మీద పెట్టింది. "పొద్దున్నే అయిదడుగులు తవ్వాను సారూ. నొక్కి చూడండి, వెన్నలా ఉంది."

టోర్గర్సన్ నొక్కి చూశాడు. వేలు తుడుచుకున్నాడు.

"అనుమతి లేకుండా తవ్వావన్నమాట!"

కళ్ళజోడు తుడవలేదు, వేలు తడపలేదు. గొయ్యి వెంటనే పూడ్చెయ్యమని అక్కడికక్కడే నోటీసు రాసి, ముద్ర కొట్టి ఆమె చేతిలో పెట్టాడు. ఆ ముద్ర అంత చురుగ్గా సొరుగులోంచి బయటికి రావడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.